పాత ఎల్‌సీడీ స్క్రీన్‌కి టీవీ ట్యూనర్ పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ మార్చాక మిగిలిపోయిన మానిటర్, మదర్‌బోర్డు పోయిన లాప్‌టాప్‌లోంచి ఊడదీసిన స్క్రీన్, లోపలి బోర్డు కాలిపోయినా ప్యానెల్ బాగానే ఉన్న టీవీ... వీటిని ఏం చేయాలో తెలీక మూల పడేసేవాళ్లే ఎక్కువ. చాలావాటిలో టీవీ రప్పించొచ్చు. కాకపోతే ఏది కొనాలి, స్క్రీన్ విప్పాలా వద్దా అన్న దగ్గరే డబ్బులు వేస్ట్ అవుతాయి, ఒక్కోసారి ప్యానెలే పోతుంది. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకి జవాబులు ఒకచోట పెడుతున్నా.

మానిటర్‌కీ టీవీకీ తేడా ఏంటసలు?

ప్యానెల్ వరకూ చూస్తే పెద్ద తేడా లేదు, బొమ్మ చూపించే అద్దం రెండింట్లోనూ ఒకేలా పనిచేస్తుంది. మానిటర్‌లో లేనిది ట్యూనర్. యాంటెన్నా నుంచో కేబుల్ నుంచో ఒకే వైరులో బోలెడు ఛానెళ్లు కలిసి వస్తాయి, అందులోంచి మీకు కావాల్సిన ఫ్రీక్వెన్సీని పట్టుకునేది ట్యూనర్, దాంట్లోంచి డిజిటల్ డేటా బయటికి తీసేది డీమాడ్యులేటర్, ఆ డేటాలో ఎంపెగ్-2, హెచ్.264, హెచ్ఈవీసీ లాంటి ఫార్మాట్లలో కుదించి ఉన్న వీడియోని విప్పేది డీకోడర్. ఈ మూడూ కలిసి ఉన్న పెట్టెనే మనం సెట్ టాప్ బాక్స్ అంటాం. రిమోట్, స్పీకర్లు కూడా మానిటర్‌లో ఉండకపోవచ్చు, వాటి సంగతి కింద చెప్తా.

ఎన్ని రకాలుగా చేయొచ్చు? ఏది బెటర్?

మూడు రకాలు. బయట ఒక బాక్స్ పెట్టి దాని ఔట్‌పుట్‌ని మానిటర్‌కి ఇవ్వడం ఒకటి. కంప్యూటర్ ఉంటే దానికి యూఎస్‌బీ ట్యూనర్ పెట్టి సాఫ్ట్‌వేర్‌లో చూడటం రెండోది. స్క్రీన్ విప్పి లోపలి బోర్డు తీసేసి యూనివర్సల్ టీవీ బోర్డు, అంటే రకరకాల ప్యానెళ్లకి పనికొచ్చే బోర్డు, బిగించడం మూడోది.

మానిటర్ బాగా పనిచేస్తుంటే మాత్రం దాన్ని విప్పొద్దు, బాక్స్ పెట్టుకోండి, అంతే. వీడియోల్లో బోర్డు మార్చడం చూస్తే భలే ఈజీగా అనిపిస్తుంది కానీ బాగున్న మానిటర్‌కి ఆ పని చేయడం వల్ల మీకు అదనంగా వచ్చేది ఏమీ లేదు, పైగా దాని ఒరిజినల్ బోర్డులో ఉండే కలర్ సెట్టింగులు, బ్యాక్‌లైట్ కంట్రోల్ అన్నీ పోతాయి. యూనివర్సల్ బోర్డు అసలు పనికొచ్చేది మానిటర్ మెయిన్ బోర్డు చచ్చిపోయినప్పుడు, లేదంటే లాప్‌టాప్ స్క్రీన్ లాగా ఏ పోర్టూ లేని ఉత్త ప్యానెల్ చేతిలో ఉన్నప్పుడు.

బాక్స్ కొనేముందు ముందుగా ఏం చూడాలి?

స్క్రీన్ గురించి కాదు, మీ దగ్గరికి సిగ్నల్ ఏ పద్ధతిలో వస్తుందో చూడాలి. దీన్ని వదిలేసి మిగతావన్నీ చూసుకునేవాళ్లే ఎక్కువమంది, తర్వాత "ఛానెల్ సెర్చ్ పెడితే సున్నా వస్తోంది" అని అడుగుతారు.

యాంటెన్నాతో గాల్లోంచి వచ్చే డిజిటల్ టీవీకి ప్రపంచం మొత్తానికి ఒకే పద్ధతి లేదు. అమెరికా, కెనడా, మెక్సికో, దక్షిణ కొరియాల్లో ఏటీఎస్‌సీ. యూరప్‌లో, ఆసియా ఆఫ్రికాల్లో చాలా దేశాల్లో డీవీబీ-టీ లేదా డీవీబీ-టీ2. జపాన్‌లో, బ్రెజిల్‌తో పాటు దక్షిణ అమెరికాలో చాలాచోట్ల ఐఎస్‌డీబీ-టీ, అందులో కూడా జపాన్‌ది ఎంపెగ్-2 వీడియో, బ్రెజిల్‌ది హెచ్.264, కాబట్టి పేరు ఒకటే కదా అని ఒక చోటి బాక్స్ ఇంకో చోట పెడితే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. చైనాలో డీటీఎంబీ. ఒక పద్ధతికి చేసిన ట్యూనర్ ఇంకోదాన్ని పట్టుకోలేదు, సెట్టింగుల్లో మార్చుకునే విషయం కాదిది.

ఒకే పద్ధతిలో పాతది కొత్తది తేడా కూడా చూడాలి. డీవీబీ-టీ2 బాక్స్ మామూలుగా పాత డీవీబీ-టీని కూడా పట్టుకుంటుంది, కానీ డీవీబీ-టీ మాత్రమే ఉన్న బాక్స్ టీ2ని పట్టుకోలేదు. దానిపైన వీడియో ఫార్మాట్ ఒకటి ఉంది, జర్మనీ 2017లో టీ2కి మారినప్పుడు వీడియోని హెచ్ఈవీసీలో పెట్టారు, దాంతో టీ2 ట్యూనర్ ఉన్నా హెచ్ఈవీసీ డీకోడర్ లేని బాక్సులు అక్కడ పనికిరాలేదు. అందుకే డబ్బా మీద పద్ధతి పేరు, వీడియో ఫార్మాట్ పేరు రెండూ చదవండి.

డిష్ ద్వారా వస్తే డీవీబీ-ఎస్2 కావాలి, కేబుల్ ద్వారా అయితే చాలాచోట్ల డీవీబీ-సీ. కాంబో అని అమ్మే బాక్సుల్లో రెండు మూడు కలిపి ఉంటాయి, ఏవేవి ఉన్నాయో చూస్కోవాలి.

పాత వీజీఏ టీవీ బాక్స్ ఉంది, అది పనికొస్తుందా?

మానిటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో పెట్టే ఆ చిన్న పెట్టెల్లో దాదాపు అన్నిట్లో ఉండేది అనలాగ్ ట్యూనర్. అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారం 2009 జూన్ 12న ఆగిపోయింది, జపాన్‌లో 2011 జూలైలో (భూకంపం దెబ్బతిన్న మూడు ప్రిఫెక్చర్లలో మాత్రం 2012 మార్చి చివరి దాకా ఉంచారు), బ్రిటన్‌లో 2012 అక్టోబర్‌లో. మిగతా చోట్ల కూడా చాలావరకు ఆగిపోయింది, ఆగిపోయిన చోట ఆ ట్యూనర్‌కి పట్టుకోడానికి ఏమీ ఉండదు. అయితే వీటికి పసుపు రంగు ఏవీ ఇన్‌పుట్ ఉంటుంది, దాంట్లోకి డిజిటల్ బాక్స్ ఏవీ ఔట్‌పుట్ ఇస్తే వీజీఏ మానిటర్‌లో బొమ్మ వస్తుంది. క్వాలిటీ తక్కువే, వార్తలు చూడ్డానికి చాలు, చిన్న అక్షరాలు మాత్రం మసకగా ఉంటాయి.

ట్యూనర్ ఉంటే అన్ని ఛానెళ్లూ ఫ్రీగా వస్తాయా?

రావు. ట్యూనర్ పట్టుకోవడం వేరు, తాళం తీయడం వేరు. పే ఛానెళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, వాటికి ఆ కంపెనీ ఇచ్చే బాక్సో కార్డో కావాల్సిందే. ఫ్రీ టు ఎయిర్, అంటే తాళం లేని ఛానెళ్లు మాత్రమే మామూలు ట్యూనర్‌లో వస్తాయి. ఆల్రెడీ కేబుల్ వాళ్లదో డిష్ వాళ్లదో బాక్స్ మీకు ఉంటే అదే మీ ట్యూనర్, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, దాని హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి మానిటర్‌కి పెట్టండి.

మానిటర్‌కి హెచ్‌డీఎంఐ లేదు, డీవీఐ ఉంది. ఎలా?

హెచ్‌డీఎంఐ, డీవీఐ రెండిట్లో వీడియో సిగ్నల్ ఒకటే కాబట్టి ఒక పక్క హెచ్‌డీఎంఐ ఇంకో పక్క డీవీఐ ఉన్న మామూలు కేబుల్ సరిపోతుంది, కన్వర్టర్ అక్కర్లేదు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, డీవీఐ మానిటర్‌కి సౌండ్ అందదు, దానికి వేరే దారి చూడాలి. రెండోది హెచ్‌డీసీపీ, అంటే కాపీ చేయకుండా వేసే లాక్. 2000ల మొదట్లో వచ్చిన డీవీఐ మానిటర్లలో చాలావాటికి ఇది లేదు, అలాంటిదానికి బాక్స్ పెడితే మెనూ కనిపించి ఛానెల్ పెట్టగానే నల్లగా అయిపోవచ్చు, లేదా మొత్తమే ఏమీ రాకపోవచ్చు. బాక్స్ పోయిందనుకుని తిరిగిచ్చేసేవాళ్లున్నారు పాపం. మానిటర్ మాన్యువల్లో హెచ్‌డీసీపీ అని ఉందో లేదో ముందే చూస్కోండి. లేకపోతే వీజీఏ ఔట్‌పుట్ ఉన్న బాక్స్ వెతకడం నయం.

వీజీఏ ఒక్కటే ఉంటే?

హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ పెట్టాల్సిందే, రెండు పక్కలా ప్లగ్గులు మాత్రమే ఉన్న ఉత్త కేబుల్ పనిచేయదు, అలాంటివి అమ్ముతూనే ఉంటారు కొనకండి. దిశ కూడా చూడాలి, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్లేది ఒకటి, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేది ఇంకోటి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. 3.5 మిల్లీమీటర్ల ఆడియో జాక్ ఉన్నది తీసుకుంటే సౌండ్ గొడవ కూడా అక్కడే తీరిపోతుంది. యూఎస్‌బీ పవర్ ఇచ్చే సాకెట్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే కొన్ని బాక్సుల హెచ్‌డీఎంఐ పోర్టు కన్వర్టర్‌కి సరిపడా కరెంటు ఇవ్వలేదు, అప్పుడు బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది.

బాక్స్ పెడితే "ఔట్ ఆఫ్ రేంజ్" అని వస్తోంది

బాక్స్ పంపేది మానిటర్‌కి అర్థం కావట్లేదు అంతే, ఏదీ పాడవ్వలేదు. బాక్సులు తరచుగా 1080ఐ 50 హెర్ట్జ్‌లో సెట్ అయి వస్తాయి. కంప్యూటర్ మానిటర్లలో చాలావాటికి 60 హెర్ట్జ్ చుట్టూనే అలవాటు, కొన్ని 50 తీసుకోవు, ఇంటర్‌లేస్డ్ అంటే ఆ 'ఐ' ఉన్న ఫార్మాట్ చాలా మానిటర్లు అసలు తీసుకోవు. బాక్స్‌ని ఒకసారి ఏదైనా టీవీకి పెట్టి వీడియో సెట్టింగుల్లో 720పీ లేదా 1080పీ 60 హెర్ట్జ్‌కి మార్చి తర్వాత మానిటర్‌కి తెచ్చుకోండి. దగ్గర్లో టీవీ లేకపోతే బాక్స్ ఏవీ ఔట్‌పుట్‌ని దేనికైనా పెట్టి మెనూ చూడొచ్చు. కొన్ని రిమోట్ల మీద రిజల్యూషన్ మార్చే బటనే ఉంటుంది, అది ఒక్కోసారి నొక్కుతూ కాసేపు ఆగుతూ వెళ్తే ఏదో ఒక దగ్గర బొమ్మ పడుతుంది.

50 హెర్ట్జ్‌లో వచ్చే ప్రసారాన్ని 60కి మారిస్తే స్క్రోలింగ్ వార్తలు, పరిగెత్తే బంతి కొంచెం కుదుపుగా కనిపిస్తాయి. మానిటర్ 50 తీసుకుంటే 50లోనే ఉంచండి, ఆటలు చూసేవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది.

మనుషులు సాగిపోయినట్టు కనిపిస్తున్నారు

పాత 17, 19 ఇంచుల మానిటర్లు 1280×1024, అంటే 5:4 ఆకారం. వైడ్ మానిటర్లలో 1440×900, 1680×1050 ఉన్నవి 16:10. టీవీ ప్రసారం 16:9. మానిటర్ దాన్ని ఉన్న చోటంతా నింపేస్తే 5:4లో అందరూ సన్నగా పొడుగ్గా అయిపోతారు. మానిటర్ మెనూలో 'ఆస్పెక్ట్' అన్న ఆప్షన్ ఉంటే అది పెట్టండి, లేకపోతే బాక్స్ మెనూలో స్క్రీన్ ఆకారం 4:3 అని, పద్ధతి లెటర్‌బాక్స్ అని పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ దాదాపు సరైన కొలతలో ఉంటుంది. 16:10లో తేడా చాలా తక్కువ, పట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

సౌండ్ ఎక్కడి నుంచి?

మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉండి స్పీకర్లు లేకపోతే వెనకాల హెడ్‌ఫోన్ జాక్ ఉందేమో చూడండి, దానికి కంప్యూటర్ స్పీకర్లు పెట్టేస్కోవచ్చు. అది లేకపోతే బాక్స్ వెనకాల ఎరుపు తెలుపు ఆడియో పిన్నులు ఉంటాయి, వాటి నుంచి తీసుకోండి. కొన్ని బాక్సుల్లో సౌండ్ డాల్బీలో ఉండిపోయి మామూలు స్పీకర్లలో ఏమీ వినపడదు, ఆడియో సెట్టింగ్‌లో పీసీఎం (మామూలు స్పీకర్లకి పనికొచ్చే సౌండ్ ఫార్మాట్) అని మార్చాలి.

కంప్యూటర్ ఉంది కదా, యూఎస్‌బీ ట్యూనర్ చాలదా?

కంప్యూటర్ ముందే ఎక్కువసేపు గడిపేవాళ్లకి బాగుంటుంది, రికార్డింగ్ కూడా హార్డ్ డిస్క్‌లోకే. పైన చెప్పిన ప్రసార పద్ధతి సంగతి దీనికి కూడా వర్తిస్తుంది, ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న చవక స్టిక్కులు బోలెడు దొరుకుతాయి కానీ ఆ చిప్ సొంతంగా పట్టేది డీవీబీ-టీ మాత్రమే, టీ2 కాదు. (ఇదే చిప్ 2012 నుంచి సాఫ్ట్‌వేర్ రేడియోగా ఫేమస్ అయింది, టీవీకి పనికిరాకపోయినా విమానాల సిగ్నళ్లు, వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు పట్టుకోడానికి వాడుకోవచ్చు, పారేయకండి.) సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే విండోస్ 10 నుంచి మీడియా సెంటర్ తీసేశారు, కాబట్టి వీఎల్‌సీ, నెక్స్ట్‌పీవీఆర్, కోడి లాంటివి వాడాలి. లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే ఉంటాయి, టీవీహెడ్‌ఎండ్ పెడితే ఇంట్లో మిగతా కంప్యూటర్లకి, ఫోన్లకి కూడా నెట్‌వర్క్ మీద ఛానెళ్లు పంపొచ్చు. టీవీ చూడాలంటే కంప్యూటర్ మొత్తం ఆన్‌లో ఉండాలి, పెద్దవాళ్లు చూడాల్సిన స్క్రీన్ అయితే మాత్రం నేను దీన్ని సజెస్ట్ చేయను, వాళ్లకి రిమోట్‌తో నడిచే బాక్సే సుఖం.

వైఫై స్టిక్ పెడితే టీవీ అయిపోతుందా?

అది ట్యూనర్ కాదు, ఇంటర్నెట్ ద్వారా చూపించేది. నెట్ బాగుండి, మీరు చూసే ఛానెళ్లు యాప్‌లలో ఉంటే అసలు ట్యూనర్ అవసరమే రాకపోవచ్చు. నెట్ ఆగితే టీవీ ఆగుతుంది.

సరే, నా దగ్గర ఉత్త లాప్‌టాప్ ప్యానెల్ ఉంది. యూనివర్సల్ బోర్డు ఎలా ఎంచుకోవాలి?

ముందు ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూడండి. లాప్‌టాప్ నంబరో మానిటర్ నంబరో కాదు, ప్యానెల్ నంబరు. ఎల్‌పీ అని మొదలైతే ఎల్‌జీ వాళ్ల లాప్‌టాప్ ప్యానెల్, ఎల్‌ఎం అయితే వాళ్ల మానిటర్ ప్యానెల్. ఎల్‌టీఎన్ శాంసంగ్ లాప్‌టాప్‌ది, ఎల్‌టీఎం మానిటర్‌ది. ఏయూఓ అనే ఇంకో ప్యానెల్ కంపెనీ వాళ్లవి బీ తో మొదలైతే లాప్‌టాప్, ఎం అయితే మానిటర్, టీ అయితే టీవీ. ఆ నంబర్‌తో డేటాషీట్ (ప్యానెల్ సాంకేతిక వివరాల పత్రం) వెతికి ఐదు విషయాలు రాసి పెట్టుకోండి: రిజల్యూషన్, కనెక్షన్ ఎల్‌వీడీఎస్సా ఈడీపీయా (బోర్డు నుంచి ప్యానెల్‌కి బొమ్మ పంపే రెండు పద్ధతులు), సింగిల్ ఛానెలా డ్యూయలా (టీవీ ఛానెల్ కాదు, డేటా వెళ్లే దారి), రంగులకి 6 బిట్టా 8 బిట్టా, ప్యానెల్ వోల్టేజ్ ఎంత. ఈ ఐదూ తెలీకుండా బోర్డు ఆర్డర్ పెట్టొద్దు.

బోర్డుల్లో వి29, వి56, వి59 అనే పేర్లతో వచ్చేవి చవకగా దొరుకుతాయి, హెచ్‌డీఎంఐ, వీజీఏ, ఏవీ, యూఎస్‌బీ అన్నీ ఉంటాయి కానీ వాటి ట్యూనర్ మామూలుగా అనలాగే. బోర్డు మీద యాంటెన్నా సాకెట్ చూసి డిజిటల్ వస్తుందనుకోవద్దు. డిజిటల్ కావాలంటే 3463, 3663 లాంటి నంబర్లున్న బోర్డుల్లో డీవీబీ-టీ2, సీ, ఎస్2 ఉన్నవి ఉంటాయి, వాటిలో కూడా ఏ వేరియంట్‌లో ఏముందో లిస్టింగ్ చదివి తీసుకోవాలి. బయటి బాక్స్ వాడే ఉద్దేశం ఉంటే వి59 లాంటిది చాలు, హెచ్‌డీఎంఐలో పెట్టుకుంటే సరిపోతుంది. నా లెక్కలో ఇదే తెలివైన పద్ధతి, ఎందుకంటే రేపు ప్రసార పద్ధతి మారితే బాక్స్ మార్చుకుంటే చాలు, స్క్రీన్ మళ్లీ విప్పక్కర్లేదు.

ప్యానెల్ వోల్టేజ్ అంత ముఖ్యమా?

అన్నిటికంటే ముఖ్యం ఇదే. లాప్‌టాప్ ప్యానెళ్ల లాజిక్‌కి 3.3 వోల్టులు, మానిటర్ ప్యానెళ్లకి ఎక్కువగా 5 వోల్టులు, పెద్ద టీవీ ప్యానెళ్లకి 12 వోల్టులు. యూనివర్సల్ బోర్డు మీద ఒక చిన్న జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్) ఉంటుంది, దాని పక్కన 3.3, 5, 12 అని రాసి ఉంటుంది. 3.3 ప్యానెల్‌కి 12 పెట్టి ఆన్ చేస్తే ఒక్క క్షణంలో పోతుంది, ఇక బాగుచేయడం అంటూ ఉండదు. ప్యానెల్ కేబుల్ పెట్టకుండానే బోర్డు ఆన్ చేసి కేబుల్ సాకెట్ దగ్గర మల్టీమీటర్‌తో చూస్కోండి, స్టాండ్‌బైలో ఆ వోల్టేజ్ కనిపించదు, రిమోట్‌తోనో కీప్యాడ్‌తోనో ఆన్ చేశాక చూడాలి. కేబుల్ తిప్పి పెట్టినా ఇదే ప్రమాదం, ఎరుపు వైర్లు సాధారణంగా పవర్‌వి, అవి బోర్డులోనూ ప్యానెల్‌లోనూ పవర్ పిన్నుల మీదే పడుతున్నాయా అని డేటాషీట్‌తో సరిచూడండి.

ఎల్‌వీడీఎస్ కేబుల్ ఏది తీసుకోవాలి?

ఎల్‌వీడీఎస్‌లో డేటా జతల వైర్లలో వెళ్తుంది. సింగిల్ 6 బిట్‌కి మూడు డేటా జతలు ఒక క్లాక్ జత, 8 బిట్‌కి ఇంకో డేటా జత ఎక్కువ, డ్యూయల్ అంటే ఇదంతా రెండింతలు. 1280×800, 1366×768 లాప్‌టాప్ ప్యానెళ్లు మామూలుగా సింగిల్ 6. 1680×1050, 1920×1080 డ్యూయల్. కేబుళ్లు కూడా అలాగే సింగిల్ 6, డ్యూయల్ 8 అని పేర్లతో అమ్ముతారు, పిన్నుల సంఖ్య (20, 30, 40) తో పాటు ఇది కూడా చెప్పి తీసుకోవాలి.

కొత్త లాప్‌టాప్ ప్యానెళ్లలో 30 పిన్నుల ఈడీపీ ఉంటుంది, అది వేరే భాష, ఎల్‌వీడీఎస్ బోర్డుకి డైరెక్టుగా కుదరదు. ఈడీపీ ఔట్‌పుట్ ఉన్న బోర్డే తీసుకోవాలి. కనెక్టర్‌లో 30 పిన్నులున్నాయి కదా అని ఎల్‌వీడీఎస్ కేబుల్ గుచ్చేయకండి.

బ్యాక్‌లైట్ సంగతి?

ప్యానెల్ సొంతంగా వెలగదు, వెనకాల లైటు ఉండాలి. సుమారు 2010కి ముందు వచ్చిన వాటిలో ఎక్కువగా సీసీఎఫ్‌ఎల్ ట్యూబులు, పెన్సిల్ కంటే సన్నటి ట్యూబ్‌లైట్లు. వీటికి ఇన్వర్టర్ కావాలి (ఇంట్లో కరెంటు పోతే వాడేది కాదు, ట్యూబుకి హై వోల్టేజ్ ఇచ్చే చిన్న బోర్డు), వెలిగేటప్పుడు వెయ్యి వోల్టులు దాటుతుంది, వెలిగాక కొన్ని వందల వోల్టులు. ఆన్‌లో ఉండగా ఇన్వర్టర్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. మానిటర్ సొంత పవర్, ఇన్వర్టర్ బోర్డు బాగుంటే దాన్నే ఉంచేసి, యూనివర్సల్ బోర్డు నుంచి ఆన్ సిగ్నల్, బ్రైట్‌నెస్ సిగ్నల్, గ్రౌండ్ మాత్రం దానికి కలిపితే కొత్త ఇన్వర్టర్ కొనే పనుండదు. యూనివర్సల్ బోర్డు మీద ఆరు పిన్నుల సాకెట్‌లో సాధారణంగా రెండు 12 వోల్టులకి, ఒకటి ఆన్‌కి, ఒకటి బ్రైట్‌నెస్‌కి, రెండు గ్రౌండ్‌కి ఉంటాయి.

ఎల్‌ఈడీ లాప్‌టాప్ ప్యానెళ్లలో చాలావాటికి ఎల్‌ఈడీ డ్రైవర్ ప్యానెల్ లోపలే ఉంటుంది, అదే 40 పిన్నుల కేబుల్‌లోంచి పవర్ వెళ్తుంది, అన్నిటికంటే ఈజీ ఇవే. ఎల్‌ఈడీ మానిటర్ ప్యానెళ్లకి మాత్రం బయట డ్రైవర్ బోర్డు కావాలి, అది కరెంటుని కంట్రోల్ చేసేదై ఉండాలి, డేటాషీట్‌లో ఒక్కో వరసకి చెప్పిన మిల్లీఆంపియర్లకంటే ఎక్కువ పెడితే మొదట్లో బాగా వెలిగి కొన్నాళ్లకి మాడిపోతాయి.

బోర్డు పెట్టాను, బొమ్మ తేడాగా ఉంది

చాలాసార్లు కారణం ఫర్మ్‌వేర్, అంటే బోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్. బోర్డులోకి మీ ప్యానెల్ రిజల్యూషన్‌కి సరిపోయే ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, ఎక్కువ బోర్డుల్లో ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టి ఆన్ చేస్తే ఎల్‌ఈడీ బ్లింక్ అవుతూ ఎక్కించుకుంటుంది, అది ఆగేవరకు పవర్ తీయొద్దు. ఫైల్ పేరు మార్చొద్దు, బోర్డు ఆ పేరునే వెతుకుతుంది.

తేడాని బట్టి కారణం చెప్పొచ్చు. స్క్రీన్ అంతా తెల్లగా వెలిగి ఏమీ లేకపోతే బ్యాక్‌లైట్ ఓకే, ప్యానెల్‌కి పవరో డేటానో అందట్లేదు, కేబుల్ చూడండి. బొమ్మ రెండుగా చీలినా నిలువు గీతలతో నిండిపోయినా సింగిల్ డ్యూయల్ తేడా. మొహాలు నూనె రంగులు పూసినట్టు, నీడలు ముక్కలు ముక్కలుగా ఉంటే ఎల్‌వీడీఎస్ మ్యాపింగ్ తేడా, వెసా, జైడా అని రెండు రకాలుంటాయి, ఫ్యాక్టరీ మెనూలో మార్చొచ్చు. తలకిందులుగా ఉంటే కూడా అక్కడే మిర్రర్ ఆప్షన్ ఉంటుంది. ఫ్యాక్టరీ మెనూ కోడ్ బోర్డుని బట్టి మారుతుంది, అమ్మినవాళ్లని అడిగి రాసి పెట్టుకోండి, అందులో తెలీనివి కదిలించొద్దు.

రెండు సెకన్లు వెలిగి చీకటైపోతే, టార్చ్ వేసి పక్కనుంచి చూడండి, లోపల బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్ సమస్యే. ట్యూబ్ అరిగిపోతే ఇన్వర్టర్ తనని తాను కాపాడుకోడానికి ఆఫ్ అవుతుంది, లేదంటే అడాప్టర్ బలం చాలట్లేదు.

అడాప్టర్ ఎంతది?

12 వోల్టులు. 15.6 ఇంచుల ఎల్‌ఈడీ లాప్‌టాప్ ప్యానెల్‌కి 3 ఆంపియర్లు ధారాళంగా సరిపోతాయి, 19 ఇంచుల ట్యూబ్ మానిటర్‌కి 4 లేదా 5 తీసుకోండి. పాత లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ ఉంది కదా అని 12 వోల్టుల బోర్డుకి పెట్టొద్దు.

స్పీకర్ వైర్లు ఎలా కలపాలి?

బోర్డు మీద నాలుగు పిన్నులుంటాయి, ఎడమకి రెండు కుడికి రెండు. ఈ చిన్న యాంప్లిఫయర్లలో చాలావాటిలో మైనస్ అనేది గ్రౌండ్ కాదు, దాంట్లో కూడా సిగ్నల్ ఉంటుంది, కాబట్టి రెండు మైనస్‌లూ కలిపేయడం, చాసిస్‌కి తగిలించడం చేస్తే యాంప్లిఫయర్ చిప్ పోతుంది. స్పీకర్లు 4 లేదా 8 ఓమ్‌లవి, బోర్డు మీద ఏం రాసి ఉంటే అవి.

అన్నీ పెట్టాను, ఛానెళ్లు రావట్లేదు లేదా బొమ్మ ముక్కలవుతోంది

ఇప్పుడు స్క్రీన్‌ని వదిలేసి యాంటెన్నా చూడాలి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, అయినా చూడగలిగేవాళ్లం. డిజిటల్‌లో కొంత వరకు పర్ఫెక్ట్‌గా ఉండి ఆ గీత దాటగానే బొమ్మ గడులు గడులుగా విరిగి మాయమవుతుంది. కాబట్టి నిన్న బాగానే వచ్చింది ఇవాళ రావట్లేదు అంటే బాక్స్ పోయిందని కాదు, మీరు ఆ అంచు మీదే ఉన్నారని అర్థం. బాక్స్ మెనూలో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు పట్టీలుంటాయి, క్వాలిటీ ముఖ్యం, స్ట్రెంగ్త్ ఎక్కువుండి క్వాలిటీ లేకపోతే యాంప్లిఫయర్ పెట్టడం వల్ల లాభం లేదు.

75 ఓమ్‌ల ఆర్‌జీ6 కేబుల్ వాడండి. టీవీ ఫ్రీక్వెన్సీల్లో అది కూడా 100 మీటర్లకి 15 నుంచి 20 డెసిబెల్స్ తినేస్తుంది, రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ ఇంకో మూడున్నర నుంచి నాలుగు. యాంప్లిఫయర్ పెట్టాలనుకుంటే యాంటెన్నా దగ్గరే పెట్టాలి, పొడుగు కేబుల్ చివర బాక్స్ దగ్గర పెడితే అప్పటికే కేబుల్‌లో పోయిన సిగ్నల్ తిరిగి రాదు, నాయిస్ కూడా కలిసి పెద్దదవుతుంది. బాక్స్ మెనూలో యాంటెన్నా పవర్ 5 వోల్టులు అన్న ఆప్షన్ ఉంటుంది, యాంటెన్నాలో యాంప్లిఫయర్ ఉంటేనే ఆన్ చేయండి.

డిష్ అయితే బాక్సే కేబుల్‌లోంచి ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే భాగం) 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, దాన్నిబట్టే నిలువు అడ్డం సిగ్నళ్లు మారతాయి. సగం ఛానెళ్లే వస్తున్నాయంటే ముందు ఈ వోల్టేజ్ మారుతోందో లేదో చూడండి, 12 వోల్టుల అడాప్టర్ వీక్ అయినా 18 రాదు.

ఇంకోటి, షీల్డ్ సరిగా లేని చవక హెచ్‌డీఎంఐ కేబుళ్లు, అడాప్టర్లు కూడా యాంటెన్నా సిగ్నల్‌ని పాడుచేస్తాయి. ఇండోర్ యాంటెన్నాని మానిటర్ వెనకాలే అంటించి ఉంటే తీసి కిటికీ దగ్గర పెట్టి చూడండి.

బొమ్మ వస్తోంది కానీ టీవీ అంత బాగోలేదు

పాత మానిటర్లలో ఎక్కువ టీఎన్ అనే రకం ప్యానెళ్లు, ఎదురుగా కూర్చుని చూడ్డానికి చేసినవి, పక్కనుంచీ కింద నుంచీ రంగులు మారిపోతాయి. పడుకుని చూసే చోట పైన గోడకి బిగించాలనుకుంటే స్క్రీన్‌ని కొంచెం కిందికి వంచి బిగించండి. ఎస్‌డీ ఛానెళ్లు 720×576 చుట్టూ ఉంటాయి, దగ్గరగా కూర్చుంటే మసక తెలుస్తుంది. మానిటర్ షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టొద్దు, గడులు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పెంచే పనిని బాక్స్‌కి వదిలేసి మానిటర్ సొంత రిజల్యూషన్‌కి దగ్గరగా ఔట్‌పుట్ పెట్టడం చాలాసార్లు బాగుంటుంది.

విప్పేటప్పుడు జాగ్రత్తలేంటి?

మెయిన్స్ పవర్ బోర్డు మీద ఉండే పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు, ప్లగ్ తీసి కాసేపు ఆగి మీటర్‌తో చూశాకే ముట్టుకోండి. కరెంటు పనిలో అలవాటు లేనివాళ్లు మెయిన్స్ బోర్డు జోలికి వెళ్లకుండా 12 వోల్టుల అడాప్టర్ దారిలోనే ఉండండి. సీసీఎఫ్‌ఎల్ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగిలితే గది కిటికీలు తెరిచి, చేతులతో కాకుండా ఎత్తండి. ప్యానెల్ అంచుల్లో ఉండే సన్నటి రిబ్బన్లని వంచొద్దు, అవి తెగితే నిలువు గీతలు పడతాయి, మళ్లీ అతకవు.

బాక్స్ ఆపితే మానిటర్ ఆగుతుందా? ఒక్క రిమోట్‌తో నడవాలి

చాలా మానిటర్లు సిగ్నల్ ఆగగానే స్టాండ్‌బైలోకి వెళ్లిపోతాయి, మళ్లీ సిగ్నల్ రాగానే లేస్తాయి, కాబట్టి బాక్స్ రిమోట్ ఒక్కటే సరిపోతుంది. కొన్ని బాక్సులు స్టాండ్‌బైలో కూడా నల్ల స్క్రీన్‌ని పంపుతూనే ఉంటాయి, అప్పుడు మానిటర్ వెలుగుతూ ఉండిపోతుంది, బాక్స్ పవర్ సెట్టింగుల్లో డీప్ స్టాండ్‌బై లాంటిది ఉంటే ఆన్ చేయండి. వీజీఏ కన్వర్టర్‌కి బయటి నుంచి యూఎస్‌బీ పవర్ ఇచ్చి ఉంటే కూడా ఇలాగే జరగొచ్చు, ఆ పవర్‌ని బాక్స్ యూఎస్‌బీ పోర్టు నుంచే తీసుకుంటే, బాక్స్‌తో పాటు అదీ ఆఫ్ అయ్యే పోర్టు అయితే, ఆ ఇబ్బంది తీరిపోతుంది.